ఆ కూత ఆపండి

తన గొంతు తనకే ఆలస్యంగా వినిపించింది. మైకు ముందు మూతి పెట్టి "హలో" అంటే, చెవులకున్న హెడ్‌ఫోన్లలో ఆ "హలో" రెప్పపాటు ఆగి, పక్కగదిలోంచి ఎవరో వెక్కిరించినట్టు తిరిగొచ్చింది. ఇంజనీరు మళ్ళీ అన్నాడు, అది మళ్ళీ వెక్కిరించింది. ఆయన్ని అందరూ ఇంజనీరుగారనే పిలిచేవారు. వంతెన కట్టలేదు, మేడ కట్టలేదు, కట్టినవన్నీ పాటలే. రికార్డింగు స్టూడియోలో అద్దానికి ఇవతల కూర్చుని, ఎవరి గొంతు ఎంత ముందుకు రావాలో, ఏ వయొలిన్ ఎంత వెనక్కి తగ్గాలో తేల్చే కుర్చీ ఆయనది. ఆ కుర్చీ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడున్నది ఇంటి వెనక గది, గోడలకి మేకులు కొట్టి వేలాడదీసిన పాత బొంతలు, బావమరిది ఆఫీసులో లెక్కలు చేసి చేసి అలిసిపోయి ఈ ఇంటికి చేరిన కంప్యూటరు, దాని పక్కన మైకు తీగ గుచ్చుకోవడానికి కొత్తగా తెచ్చిన చిన్న పెట్టె. నాలుగింటికి గాయని వస్తుంది. కుర్చీ పోయాక ఆయన దగ్గర పాడతానని అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఆ లోపల ఈ వెక్కిరింపు ఆగాలి, లేకపోతే పాడే మనిషికి తన గొంతే కాళ్ళకి అడ్డం పడుతుంది, తాళం తప్పుతుంది, తప్పాక ఆవిడ ఏమీ అనదు, మర్యాదస్తురాలు, గ్లాసెడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతుంది.

టేపు ఉన్నప్పుడు ఈ గొడవ లేదు, అనుకున్నాడు. టేపు గొంతుని గొంతులాగే పట్టుకునేది. ఈ కంప్యూటరు అలా కాదు, విన్నదాన్నల్లా అంకెలు చేసి, ఆ అంకెల్ని మూటగట్టి, మూట నిండాకగాని వదలదు. ఆ మూటని చిన్నది చెయ్యాలి. తెర మీద ఎక్కడో అడుగున ఉంది ఆ మీట, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ దించి, వెతికి పట్టుకుని తగ్గించాడు. "హలో." ఈసారి వెంటనే వచ్చింది కానీ వేగుతున్న గింజల్లా చిటపటమంది. కొంచెం పెంచాడు. "హలో." ఆఁ, ఇది మాట. నోరూ చెవీ ఒకే మనిషివి అయ్యాయి. చిన్నప్పుడు బావిలోకి వంగి తన పేరు తను పిలుచుకున్న రోజు గుర్తొచ్చింది, ఆ రోజే అనుకున్నాడేమో శబ్దం తన చెప్పుచేతల్లో ఉంటుందని. తర్వాత మొదటి ఉద్యోగం, గురువు టేపుని బ్లేడుతో కోసి అతికించమంటే చెయ్యి జారి గాయకుడి ఊపిరిని కోసేశాడు, మాట మిగిలింది, దాని ముందరి ఊపిరి నేల మీద పడింది. గురువు తిట్టలేదు, "ఊపిరి లేని మాట శవం మాట" అని మాత్రం అన్నాడు, ఆ ముక్కని నేల మీంచి ఏరి తనే అతికించాడు. ఆ మాట తన దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరికీ చెప్పాడు. బక్కోడికీ చెప్పాడు. ఆ పేరు తల్లో మెదలగానే ఇంజనీరు నాలుక కరుచుకున్నట్టు ముఖం పెట్టి తీగలు సర్దడంలో పడ్డాడు. చేరినప్పుడు పుల్లలా ఉండేవాడు కాబట్టి బక్కోడు. ఇప్పుడు పొట్ట వచ్చిందట, కారు వచ్చిందట, తన కుర్చీలోనే కూర్చుంటున్నాడట. రానీ. చెయ్యి పట్టి నేర్పినవాడి చెయ్యే విరిచినవాడికి పొట్టా రావాలి, కారూ రావాలి, లోకం అలాగే ఉంది.

గాయనికి ఒక దారి, హార్మోనియంకి ఒక దారి, శ్రుతికి ఒక దారి, ఖాళీ ట్రాకులు తెర మీద అడ్డంగా పరుచుకున్నాయి, దున్ని విత్తు పడని చాళ్ళలా. చూడ్డానికి బాగుంది. ఇక స్పీకర్లు. మొన్న ఇవి అట్టపెట్టెల్లో దిగినప్పుడు భార్య గుమ్మంలో నిలబడి అడిగింది, ఇంట్లో ఉన్న స్పీకర్లు చాలవా అని. "అవి వేరు, ఇవి వేరు. వీటిని మానిటర్లు అంటారు. మామూలువి పాటకి పూత పూసి వినిపిస్తాయి, ఇవి ఉన్నదున్నట్టు చెబుతాయి" అన్నాడు. "ఉన్నదున్నట్టు చెప్పేవి మన కొంపలో ఎందుకండీ" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆవిడ నవ్వులో ఎప్పుడూ ఒక చిన్న ముల్లుంటుంది, తియ్యబోతే దొరకదు. రెండిటినీ తన చెవుల ఎత్తున పెట్టాడు, ఒకదానికొకటి ఎంత దూరమో తనకీ అంతే దూరం ఉండేట్టు జరిపాడు, పరీక్ష శబ్దం ఒకటి పెట్టాడు. అది అడుగున గుర్రుమంటూ మొదలై మెల్లగా పైకి పాకుతుంది, అన్ని మెట్లూ ఎక్కి సన్నటి దారమై చిట్టచివర మాయమవుతుంది. స్పీకర్లో ఎక్కడ లోటున్నా అక్కడ బయటపడుతుంది. గుర్రుమంది, మూలిగింది, ఊళపెట్టింది, పైకి పాకింది, పాకుతూ పాకుతూ సగంలోనే ఆగిపోయింది. తెర మీద ఆకుపచ్చ గీత మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది.

పోయిందిరా, అనుకున్నాడు. కొత్త స్పీకర్లు, పైన సన్నటి శబ్దాలు పలికే బుల్లి కోను కాలిపోయి ఉంటుంది. రెండిట్లోనూ ఒకేసారా? అయితే తీగ. తీగలు మార్చాడు. కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేశాడు. బల్ల కింద దూరి, మోకాళ్ళు పట్టేసి, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని లేచి, మళ్ళీ పెట్టాడు. సగంలో ఆగింది. అయితే ఆ పెట్టె. పెట్టెని నడిపించే సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తగా ఎక్కించాడు, కంప్యూటరు ఆపి, మళ్ళీ వెలిగించి, దాని నిట్టూర్పులన్నీ అయ్యేదాకా కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. బావమరిది మీద కోపం వచ్చింది. ఊరికే ఇచ్చినప్పుడే అనుకోవాల్సింది, వాడు పనికొచ్చేది ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చాడా. స్పీకర్లు అమ్మిన కొట్టువాడి మీద వచ్చింది, ఆ కుర్రతనపు నవ్వూ వాడూ, "అంకుల్, ఇంట్లోనే స్టూడియో పెట్టేస్తున్నారా" అని. అంకుల్! ఈ చేతుల మీదుగా ఎన్ని గొంతులు వెళ్ళాయో వాడికేం తెలుసు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వాటిలోనూ అంతే. అప్పుడు కాస్త తేలికపడ్డాడు, స్పీకర్లవి కాదు తప్పు, లోపలెక్కడో ఉంది, కంప్యూటరే పై భాగాన్ని మింగేస్తోంది. హెడ్‌ఫోన్లు తీసి, పై భాగాన్ని మాత్రమే విడిగా పట్టి, శబ్దం బాగా పెంచి, అది తిరిగి తిరిగి మోగేట్టు పెట్టి, ఏ మీట దగ్గర బయటికొస్తుందోనని ఒక్కొక్కటే కదుపుతూ కూర్చున్నాడు. గదిలో నిశ్శబ్దం. ఆకుపచ్చ గీత పైదాకా లేచి నిలబడి ఉంది. బయట వీధిలో ఏదో లారీ వెళ్ళింది, దాని గురగుర బొంతల్లోంచి కూడా స్పష్టంగా వినిపించింది. చూశావా, చెవులు భేషుగ్గా ఉన్నాయి, అనుకున్నాడు. ఎందుకనుకున్నాడో తెలియదు, ఎవరూ అడగలేదు.

తలుపు దభాలున తెరుచుకుంది. భార్య రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుని ఉంది.

"ఆ కూత ఆపండి ముందు! తల పగిలిపోతోంది. ఇందాకట్నుంచీ ఏంటండీ అది? పక్కింటావిడ గోడ మీంచి అడుగుతోంది, ఏం కోస్తున్నారని."

"ఏ కూత?"

ఆవిడ చేతులు చెవుల మీంచి తియ్యలేదు. నోరు తెరిచి, ఏదో అనబోయి, ఆయన ముఖంలోకి చూసి ఆగిపోయింది. ఆ చూపు ఆయనకి తెలుసు. అమ్మ చివరి రోజుల్లో డాక్టరు తనకేసి చూసిన చూపు అది. మీట నొక్కాడు. గీత కింద పడింది. భార్య చేతులు దించింది. గదిలో ఏమీ మారలేదు, నిశ్శబ్దం తర్వాత నిశ్శబ్దమే వచ్చింది, ఒక్క ఆవిడకి తప్ప.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"అమ్మాయి పెళ్ళికి ముందునుంచే. పిట్టలు గోల చేస్తున్నాయంటే, ఎక్కడ అని అడిగేవారు. చెవుల డాక్టరుకి చూపించుకోమని చెప్పాను. మీరు వినిపించుకోలేదు."

చెప్పింది, నిజమే. అన్నం ముందు కూర్చుని చెప్పింది, ఆయన కంచం తోసేసి లేచాడు. "నా చెవుల మీద బతుకుతున్నాం మనం, వాటికే పేరు పెడతావా" అన్నాడు. అంత మాటన్నాక ఇంక ఏ ఆడది చెబుతుంది. అప్పట్నుంచి ఆవిడ కాస్త గట్టిగా మాట్లాడటం, ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చోవడం, ఫోను మోగితే తనే పరిగెత్తి తియ్యడం చూసి, వయసుతో చాదస్తం పెరుగుతోందని విసుక్కున్నాడు తను, ఆవిడ మీద. ఇన్నేళ్ళూ తన చెవిటితనాన్ని ఆవిడ కొంగున ముడేసుకుని తిరిగిందన్నమాట. కృతజ్ఞత కలగాలి. కలగలేదు. ఇంట్లో మనిషికి తెలిస్తే, రోజంతా పక్కన కూర్చున్నవాళ్ళకి తెలియదా? వయొలిన్లవాళ్ళు పాట అయ్యాక గాజు గదిలోంచి బయటికొచ్చి, వినేటప్పుడు ఒకరినొకరు చూసుకునేవారు. బాగుందని మురిసిపోతున్నారనుకున్నాడు. బక్కోడు వెనక నిలబడి మెల్లగా అనేవాడు, "గురువుగారూ, పైన కాస్త ఎక్కువైందేమో, చూస్తారా" అని. మెరుపు చాల్లేదురా, పాట మసగ్గా ఉంది, నీకింకా చెవులు రాలేదు, అనేవాడు తను, ఇంకొంచెం పెంచేవాడు. మసక పాటలో ఉందనుకున్నాడు. కిటికీ అద్దం మాసిందని తెలియనివాడు ఊరికి మంచు పట్టిందన్నట్టు. ఆ ఆఖరి ఉదయం, తను మామూలుకన్నా ముందు వెళ్ళేసరికి బక్కోడు తన కుర్చీలో, తన మీటల మీద చేతులు వేసి, ముందురోజు తను ముగించిన పాటని విప్పుకుని కూర్చున్నాడు. మీటలన్నీ జరిగిపోయి ఉన్నాయి. చెంప ఛెళ్ళుమంది. వాడు చెంప కూడా తడుముకోలేదు, లేచి నిలబడ్డాడు, అంతే. ఎందుకురా అంటే జవాబు లేదు. దొంగ కాబట్టి లేదనుకున్నాడు. ఆ పూటే కుర్చీ వదిలి వచ్చేశాడు, వచ్చినప్పట్నుంచి కలిసినవాడికల్లా చెప్పాడు, ఉప్పు తిన్న ఇంటికే కన్నం వేశాడని.

భార్య ఇంకా గుమ్మంలోనే ఉంది. "ఉండు, పోకు" అన్నాడు. స్టూడియోలోంచి వచ్చేసేటప్పుడు తన పాటలన్నీ ఒక డిస్కులోకి ఎత్తుకొచ్చాడు, తను పెట్టిన మీటలు పెట్టినట్టే. అందులో జోలపాటల సంపుటి ఒకటుంది. ఆయన పేరు చెప్పగానే అందరూ దాన్నే తలుచుకుంటారు, గాజు మీద నీళ్ళు జారినట్టుంటుంది శబ్దం అంటారు, సభ పెట్టి శాలువా కప్పింది కూడా దానికే. బజార్లోకి వచ్చిన ఆ పాటని ఒక ట్రాకులోకీ, తన డిస్కులో ఉన్నదాన్ని పక్క ట్రాకులోకీ దించాడు. రెండూ ఒకటే అయి ఉండాలి. ఏ శబ్దం ఎంతుందో రంగుల్లో గీసి చూపించే కిటికీ ఒకటుంది తెర మీద, అది తెరిచాడు. బజారుది మెల్లగా వాలుతూ పోయింది, సాయంత్రం పూట కొండవాలులా. తనది ఆ చివర పుట్టలా లేచింది. కన్ను అబద్ధం చెబుతోందేమో. ముందు తనది, తర్వాత బజారుది, కాస్త కాస్త వేసి భార్యకి వినిపించాడు. ఆయనకి రెండూ అన్నదమ్ముల్లా ఒక్కలాగే ఉన్నాయి.

"మొదటిది బాబోయ్, సూదులు గుచ్చినట్టుంది" అందావిడ. "రెండోది ఎంత హాయిగా ఉందో. రెండోదే కదూ మీది?"

"ఆఁ" అన్నాడు. "నాదే."

ఆవిడ తల ఊపి టీ పెట్టడానికి వెళ్ళింది. బీరువాలో మడతపెట్టి దాచిన శాలువా ఆయన భుజాల మీద ఒక్కసారి బరువెక్కింది. ఆ సంపుటి చెంపదెబ్బకి చాలాముందుది. అంటే ఒక్క పాట కాదు. తను ఇంటికెళ్ళాక బక్కోడు ఆగి, తను పాడుచేసినవి బాగుచేసి, పొద్దున్న తను వచ్చేలోగా మీటలు యథాస్థానంలో పెట్టి, చీపురు పట్టుకుని నిలబడి, "నమస్తే గురువుగారూ" అనేవాడన్నమాట. ఎవడు చెయ్యమన్నాడు నిన్ను? ఎవడు అడిగాడు? దయ చూపించడానికి నేనేమైనా గుమ్మం ముందు చెయ్యి చాపానా? కోపం ఎంత వచ్చిందంటే ఫోను తీసి ఆ నంబరు నొక్కేదాకా తను ఏం చేస్తున్నాడో తెలియలేదు. ఫోన్లో ఎవరి గొంతైనా సగమే వస్తుంది, పైదంతా కోసేసి పంపుతారు, అందుకే ఫోన్లో ఆయన ఎవరికీ తీసిపోడు.

"గురువుగారూ!" అంది అవతలి గొంతు, కుర్చీలోంచి లేచినట్టే వినిపించింది. "బాగున్నారా? అమ్మగారు బాగున్నారా?"

"ఎందుకు చెప్పలేదురా నాకు?"

దేని గురించని అడగలేదు వాడు. అడిగి ఉంటే బాగుండేది.

"చెబితే మీరు కుర్చీ వదిలేసేవారు" అన్నాడు.

"వదిలేవాణ్ణే."

"మీరు వదిలేస్తే నన్నెవరు ఉంచుతారు గురువుగారూ? మీ పేరు చూసి వచ్చేవాళ్ళు అందరూ. నా పేరెవడికి తెలుసు అప్పటికి. ఇంట్లో చిన్నపిల్లలు." గొంతు తగ్గించి, "మీమీద గౌరవం లేక కాదు. అదీ ఉంది, ఇదీ ఉంది" అన్నాడు.

"కొట్టిన రోజైనా చెప్పొచ్చుగా."

"ఆ రోజు చెబితే, చెంపదెబ్బకి బదులు తీర్చుకున్నట్టుండేది."

ఇంజనీరు ఫోను బల్ల మీద పెట్టేశాడు, పెట్టేశాక కూడా అందులోంచి "గురువుగారూ, వింటున్నారా" అని చీమంత గొంతు వస్తూనే ఉంది, కాసేపటికి ఆగింది. వాడు దొంగ అయి ఉంటే ద్వేషించి బతికేవాడు. త్యాగమూర్తి అయి ఉంటే కాళ్ళ మీద పడేవాడు. రెండూ కాదు వాడు. పిల్లల్ని పెంచుకునే మామూలు మనిషి, చెట్టు పుచ్చిందని తెలిసీ నీడ కోసం నిలబెట్టినవాడు. తనూ అంతే, వాడి పనితనం నీడన ఇంకాస్త కాలం మహానుభావుడై తిరిగాడు. క్షమించడానికి ఎవరూ లేరు. తిట్టడానికీ లేరు. ఇన్నేళ్ళు కడుపులో పెట్టి సాకిన పగని ఇప్పుడెక్కడ దించాలి?

గుమ్మంలో మాటలు. గాయని వచ్చేసింది. వంగిన నడుం, మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో నీళ్ళ సీసా. ఒకప్పుడు ఆవిడ గాజు గదిలోకి అడుగుపెడితే వాద్యాలవాళ్ళు కబుర్లు ఆపేవారు. చెప్పేద్దామనుకున్నాడు, ఇక్కడ పాడకండి, వెళ్ళిపోండి అని. కానీ ఆవిడ అప్పటికే బొంతల మధ్య నిలబడి, మైకు ఎత్తు తనే సరిచేసుకుని, హెడ్‌ఫోన్లు జుట్టు చెదరకుండా పెట్టుకుని, ఒక చెవి కొద్దిగా బయటికి వదిలి, "ఊఁ" అంది. ఆ "ఊఁ" ఎన్నో ఏళ్ళు విన్నాడు. వేలు దానంతటదే ఎర్ర మీట మీదికి వెళ్ళింది. ఆవిడ పాడింది. అడుగు స్వరాలు నేలలోంచి వచ్చినట్టు వచ్చాయి, మధ్యవి వెచ్చగా వచ్చాయి, మాటల అంచులు మాత్రం ఎవరో వేలితో తుడిచేసినట్టు మెత్తగా, మసగ్గా ఉన్నాయి. తెర మీద గీత అక్కడక్కడ ఉన్నట్టుండి పైకి ఎగిరి ఎర్రబడుతోంది, అక్కడ ఆయనకేమీ వినిపించడం లేదు. పాట అయ్యింది. హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించి ఆవిడ అడిగింది, ఎప్పుడూ అడిగినట్టే.

"ఎలా వచ్చిందండీ?"

బాగుందమ్మా, అనే మాట నాలుక మీదే ఉంది, జీవితమంతా అక్కడే ఉంది. మింగాడు. "నాకు తెలీదమ్మా. పైన నాకేమీ వినబడట్లేదు. ఈరోజే తెలిసింది. చాన్నాళ్ళ నుంచే లేదట."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. నీళ్ళ సీసా మూత తిప్పి ఒక గుక్క తాగింది.

"మీకు ఈరోజు తెలిసిందేమో గానీ, మాకందరికీ ఎప్పుడో తెలుసండీ. అందుకే మీ దగ్గరికి వచ్చాను." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాస్త నవ్వింది. "పళ్ళు కట్టించుకున్నాను. స అన్నా శ అన్నా ఈల వస్తుంది. మొన్న ఒక చోటికి వెళ్ళాను పాడదామని, అద్దం అవతల కుర్రాళ్ళిద్దరు ఈల వచ్చినప్పుడల్లా మొహాలు చిట్లించుకుంటున్నారు. నవ్వినా బాగుండేది. గొంతు కట్టేసింది నాకు. మీరైతే... మీ మొహంలో ఏమీ కనపడదు కదా, హాయిగా పాడుకోవచ్చని."

చెవి కోసం వచ్చేవారు ఒకప్పుడు, ఈవిడ చెవుడు కోసం వచ్చింది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆవిడ మనసులో ఏ పాపమూ లేదు, దాహమైతే నీళ్ళున్న ఇంటికి వచ్చినట్టు వచ్చింది, అంతే. ఏం చేసుకుంటారమ్మా ఇది, ఎవరు వింటారు, అని అడగాలనిపించింది. అడగలేదు. టీ కప్పులతో వచ్చిన భార్య ఇద్దర్నీ చూసి, కప్పులు కిటికీ అంచున పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

"రెండో చరణం కానిద్దామా" అన్నాడు.

"ఊఁ" అంది ఆవిడ.

ఎర్ర మీట నొక్కాడు. ఆవిడ కళ్ళు తెరిచే పాడుతోంది, ఆయన ముఖంలోకే చూస్తూ. తెర మీద ఎర్ర గీత ఎగిరింది, ఇప్పుడు తెలుసు అది ఏమిటో. మళ్ళీ ఎగిరింది. ప్రతి ఈలా కళ్ళకి కనిపిస్తూనే ఉంది. ఇంజనీరు దవడ బిగించి, కనుబొమ్మ కూడా కదలనివ్వకుండా కూర్చున్నాడు.